నాలుగు దెబ్బలు

ఉడుత చెట్టెక్కి పావుగంట దాటింది. రంపం చప్పుడు మాత్రం ఇంకా మొదలవలేదు.

కింద రోడ్డుకు రెండు వైపులా ఎర్రతాళ్ళు కట్టి బండ్లు ఆపేశారు. క్రేను డ్రైవరు సీట్లోనే ఒక కునుకు తీసి లేచాడు. రోడ్ల ఇంజనీరు తన ఇనుప టేపును బారెడు బయటికి లాగి వదిలేస్తున్నాడు. అది చర్రున లోపలికి పోతోంది. మళ్ళీ లాగుతున్నాడు. ముక్కు మీద కోపం, చేతిలో టేపు లేకుండా ఆయన ఇల్లు కదలడని ఆఫీసులో అంటారు. ఆ సోమవారం రెండూ సిద్ధంగానే ఉన్నాయి.

"మేడమ్, మీ మనిషి పైన కాపురం గానీ పెట్టాడా ఏంటి?" అన్నాడు.

ఆ మాట అన్నది సుత్తమ్మను. నగరపాలక సంస్థ తోటల విభాగంలో చెట్ల తనిఖీ ఆమె ఉద్యోగం. ఛాతీ ఎత్తున మానును కొయ్యసుత్తితో తట్టి, చప్పుడును బట్టి అది గట్టిదో గుల్లదో చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా అదే పని కావడంతో అసలు పేరు జీతం కాగితాల్లోనే ఉండిపోయి, ఊళ్ళో అందరికీ ఆమె సుత్తమ్మ అయిపోయింది. "సుత్తమ్మ వస్తోంది, చెవులు జాగ్రత్త" అని గుమాస్తాలు నవ్వుకుంటే, "నా సుత్తి చెట్లకేరా, మీ బుర్రలకు కాదు. వాటి సంగతి తట్టకుండానే తెలుసు" అనేది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, ఆ ఆఫీసు మొత్తానికి చెట్ల గురించి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఖాళీ అయిన తోటల అధికారి కుర్చీ కోసం ఆమె ఫైలు కమిషనర్ బల్ల మీదికి చేరింది. వచ్చే వారం సంతకం అయిపోతుందని అందరూ అంటున్నారు.

కొట్టేయాల్సిన చెట్టు నంబరు నాలుగు వందల పదిహేడు. ఆస్పత్రి ఎదురుగా, మలుపులో ఉంది. ముగ్గురు మనుషులు చేతులు కలిపినా మాను చుట్టూ అందదు. బస్సు కోసం నిలబడేవాళ్ళు, ఆస్పత్రి నుంచి బయటికి వచ్చి ఏం చెయ్యాలో తోచక కూలబడేవాళ్ళు, చెప్పులు కుట్టే ముసలాయన, పళ్ళబండి, అందరూ ఆ నీడలోనే. ఆ రోజు తాడు అవతల ఎండలో నిలబడి వాళ్ళందరూ పైకే చూస్తున్నారు. 

ఆకుల్లో అలికిడైంది. ఉడుత తాడు పట్టుకుని జారుతూ, మధ్యలో ఆగి, మాను మీద కత్తి వెనక మొద్దువైపుతో ఒకచోట తట్టి, పక్కకు జరిగి మళ్ళీ తట్టి, చెవి ఆనించి విని, కిందికి దిగాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చెట్లెక్కే తీరును బట్టే ఆ పేరు. ఒంట్లో ఎముకలు, నరాలు తప్ప ఇంకేమీ ఉన్నట్టు కనిపించదు. రంపం నడుముకు వేలాడుతూనే ఉంది. దాని పళ్ళకు చిటికెడు పొట్టు కూడా అంటలేదు.

"నేను కొయ్యను సార్," అన్నాడు.

"కళ్ళు తిరిగాయా?"

"లేదు సార్. ఇది కొయ్యాల్సిన చెట్టు కాదు."

ఇంజనీరు జేబులోంచి మడత కాగితం తీసి విదిల్చాడు. "ఇదిగో, మీ మేడమ్ రాసిందే. ఆరేళ్ళ కిందటి తనిఖీ. ఉత్తరం గుల్ల, దక్షిణం గుల్ల, తూర్పు గుల్ల, పడమర గుల్ల. కింద సంతకం. రేపు గాలివానకు ఇది ఆస్పత్రి వ్యాను మీద పడితే ఎవడు జవాబు చెప్తాడు, నువ్వా? ఆమె కంటే నీకు ఎక్కువ తెలుసా?"

ఉడుత ఒక్కసారి సుత్తమ్మ వైపు చూశాడు. వెంటనే కళ్ళు దించుకున్నాడు.

"మేడమ్ కంటే నాకేం తెలుస్తుంది సార్. నాకు చేతులు రావడం లేదు, అంతే."

"చేతులు రానివాడికి హాజరు దేనికి?" ఇంజనీరు మేస్త్రీ దగ్గర హాజరు పట్టీ లాక్కుని ఒక గీత గీశాడు. "రేపటి నుంచి రానక్కర్లేదు. క్రేను మళ్ళీ గురువారం దొరుకుతుంది. ఇంకో మనిషిని చూడండి."

ఉడుత నడుముకున్న రంపం విప్పి, దాన్ని గుడ్డతో తుడిచి, మేస్త్రీ చేతికిచ్చి, తాడు మాత్రం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తాడు అతని సొంతం.

సుత్తమ్మ అతన్ని ఆపలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు కొంచెం కోపమే వచ్చింది. నలుగురిలో తన రాతను కాదన్నాడు. ఇంత వయసొచ్చీ ఏమిటా మొండితనం అనుకుంది.

క్రేను వెళ్ళిపోయి, తాళ్ళు విప్పి, బండ్లు కదిలాక ఆమె చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. అలవాటుగా తిరిగింది, అంతే. మొన్నటిదాకా చెట్టుకు వెనక నీళ్ళ పంపు షెడ్డు ఉండేది. మానును మూడు వైపుల నుంచి కౌగిలించుకున్నట్టు రేకులు బిగించి కట్టారు. రోడ్డు వెడల్పు కోసం పదిహేను రోజుల కిందటే పీకేశారు. రేకుల మడతలు బెరడు మీద నిలువుగా అచ్చు పడి ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో ఎండ తగలని ఆ బెరడు కట్టు విప్పిన చేయిలా పాలిపోయి ఉంది. ఎంత కొత్తగా ఉందో ఈ వైపు అనుకుంది ఆమె.

అనుకున్నాక అడుగు పడలేదు.

ఈ వైపు కొత్తగా ఉండడమేమిటి? ఈ చెట్టును నాలుగు వైపులా తట్టింది తనే కదా. చూడని వైపును తట్టడం ఎలా కుదిరింది?

కొయ్యసుత్తి సంచిలోనే ఉంది. తీసి నాలుగు దెబ్బలు వేస్తే అక్కడికక్కడే తేలిపోయేది. సుత్తమ్మ సంచి మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. తేలిపోతుందన్న భయంతోనే.

పాత రిజిస్టర్లు ఆఫీసు వెనకగదిలో, పనికిరాని కుర్చీల వెనక బీరువాలో ఉంటాయి. ఆరేళ్ళ కిందటి సంపుటం తడిసి ఆరి ఉబ్బింది. నాలుగు వందల పదిహేడు ఉన్న పేజీ తెరవగానే మిగతావాటికంటే ఎక్కువ ముడతలు పడి, ఒక మూల సిరా పాకి కనిపించింది. ఆ రోజు వాన.

తనిఖీకి నాలుగు గళ్ళు. ఉత్తరం గడిలో ఆమె గుండ్రటి చేతిరాతతో "గుల్ల" అని ఉంది. మిగిలిన మూడు గళ్ళలో ఆ మాట లేదు. రెండేసి చిన్న గీతలున్నాయి, పైన రాసిందే అని చెప్పడానికి గుమాస్తాలు పెట్టే గీతలు. అసలు రిజిస్టరులోంచి నకలు తీసినవాడెవడో ఆ గీతల్ని నమ్మి, మూడు చోట్లా "గుల్ల" అని పూర్తిగా రాసేశాడు. ఇంజనీరు చేతిలోని కాగితం అదే.

ఆ సాయంత్రం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. షెడ్డుకు తాళం. తాళం చెవి కాపలాదారు దగ్గర, కాపలాదారు టీ తాగడానికి పోయాడు. వాన పెద్ద పెద్ద చినుకులుగా మొదలైంది. గొడుగు ఒక్కటే ఉంది, దాన్ని రిజిస్టరు మీద పట్టారు. ఉత్తరాన రోడ్డు వైపు తట్టింది, డబ్బుమని మోగింది. ఇంకా మూడు చెట్లు మిగిలాయి. మూడు జతల గీతలు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

పేజీ చివర, సహాయకుడి గడిలో వేలిముద్ర ఉంది. బొటనవేలి మీద అడ్డంగా ఒక తెల్లని గాటు, కొమ్మలు కొట్టే కత్తి తెగిన గుర్తు. ఆ వేలు ఎవరిదో సుత్తమ్మకు తెలుసు. గొడుగు పట్టింది అతనే.

తల కొట్టేసినట్టయింది. ఇంజనీరు కాగితం చదువుతున్నప్పుడు ఉడుత తన వైపు ఎందుకు చూశాడో, చూసి కళ్ళు ఎందుకు దించుకున్నాడో అప్పుడు అర్థమైంది. ఒక్క మాటంటే చాలు, అతని హాజరు నిలబడేది. ఆ ఒక్క మాట అతను మింగేశాడు.

ఆ సోమవారం సాయంత్రం ఆమె ఇంటికి పోకుండా నేరుగా బస్సుల డిపోకు వెళ్ళింది. భర్త అక్కడే డ్రైవరు. బండి దిగి, చేతిలో ఇనుపకడ్డీతో టైర్లు కొట్టి చూస్తున్నాడు. ముందువి రెండూ కొట్టాక వెనక జోడు టైర్ల దగ్గర ఒక మోకాలు నేలకు ఆనించి, తల కిందికి వంచి, చెయ్యి లోపలికంటా చాపి లోపలి టైరును కొట్టాడు. చొక్కాకు మట్టి అంటింది.

"లోపలిదాన్ని కూడా కొట్టాలా? బయటిది బాగుంటే అదీ బాగున్నట్టే కదా," అంది.

"పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి అడగాల్సిన ప్రశ్నేనా ఇది?" అని నవ్వాడు. "బయటిదాన్ని చూసి లోపలిదానికి మార్కులేస్తే, అది ఏదో ఒక మలుపులో లెక్క అడుగుతుంది. యాభైమంది ఉంటారు వెనక." ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. "ఏమైంది?"

చెప్పింది. మొత్తం చెప్పేసరికి రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి.

ఆయన కడ్డీని సీటు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "ఒప్పుకుంటే ఆ కుర్చీ పోతుంది. కూర్చోబోయే కొమ్మను నువ్వే నరుక్కున్నట్టు."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే ఎవరికీ తెలీదు."

"ఉడుత బాబాయికి తెలుసు."

"అయితే వెళ్ళి ఆయన్ని అడుగు. మధ్యలో నన్నడుగుతావేం?"

మరునాడు సాయంత్రం ఆమె వెళ్ళేసరికి ఉడుత గుమ్మంలో కూర్చుని తాడు అంతా ఒళ్ళో వేసుకుని, జానెడు జానెడు వేళ్ళ మధ్య నుంచి లాగుతూ, పోగు లేచిందేమో చూసుకుంటున్నాడు. చెట్టెక్కేవాళ్ళు కళ్ళ కంటే వేళ్ళనే నమ్ముతారు. అతని భార్య లోపలి నుంచే గొంతెత్తింది.

"వచ్చావా తల్లీ! ఇరవై ఆరేళ్ళు కొమ్మల మీద తిరిగిన మనిషిని తెచ్చి నేల మీద కూర్చోబెట్టారు. నిన్నటి నుంచి ఇంట్లో ఎటు తిరిగినా నాకు అడ్డమే. ఎక్కడికన్నా తీసుకుపో!"

"నువ్వుండవే," అన్నాడు ఉడుత. సుత్తమ్మ కోసం పీట జరిపాడు.

ఆమె కూర్చోలేదు. "ఆ రోజు నువ్వూ ఉన్నావు కదా బాబాయ్."

"ఉన్నాను."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటావమ్మా? అంతమందిలో మా మేడమ్ తట్టకుండానే రాసిందని చెప్పమంటావా?" తాడులో ఒకచోట వేళ్ళు ఆగాయి, అక్కడ రెండుసార్లు తడిమి మళ్ళీ కదిలాయి. "అయినా ఆ రోజు 'వాన ముంచుకొస్తోంది, ఒక పక్క గుల్లయితే చుట్టూ గుల్లే, రాసేయండమ్మా' అన్నది ఎవరు? నేనే. మాట నాది, రాత నీది. ఆరేళ్ళుగా ఆ మలుపులో బస్సెక్కినప్పుడల్లా ఆ చెట్టు మొహం చూడలేకపోయాను. తీరా దాన్ని కొయ్యడానికి నన్నే పంపారు. చూడు, ఎంత బాగా కుదిరిందో."

సుత్తమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి సిగ్గేసి అలాగే నిలబడింది.

"పైన ఏం చూశావు?"

ఉడుత తాడును చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. "చెప్తే నమ్మవు. చెప్పడం నాకు రాదు కూడా. నువ్వే ఎక్కు."

"నేనా? నాకు నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్ళు తిరుగుతాయి!"

"తిరిగితే మూసుకో. తాడు నేను పట్టుకుంటాగా."

బుధవారం తెల్లవారి ఆరింటికి ఆ మలుపులో ఇద్దరే ఉన్నారు. సోమవారం తెచ్చిన పొడవు నిచ్చెన దీపం స్తంభానికి గొలుసుతో కట్టి ఉంది. తాళం చెవి ఆమెదే. నిచ్చెన విప్పే ముందు సుత్తమ్మ సంచిలోంచి కొయ్యసుత్తి తీసింది. పిడి ఆమె అరచేతికి అలవాటై నున్నబడిపోయింది. 

రోడ్డు వైపు తట్టింది. డబ్బుమంది, ఆరేళ్ళ కిందటిలాగే.

తూర్పుకు నడిచి రేకుల అచ్చుల మధ్య తట్టింది. ఠక్కుమంది. సుత్తి ఎగిరి చేతికి తగిలింది. దక్షిణం. ఠక్కు. పడమర. ఠక్కు. బండరాయి మీద కొట్టినట్టు మోచేతి దాకా జిల్లుమంది. మూడు వైపులా నిక్షేపంలాంటి చేవ. ఆమె సుత్తి కిందికి దించి, మానుకు నుదురు ఆనించింది. ఉడుత తాడు సర్దుకుంటూ అటు తిరిగాడు.

నడుముకు, తొడలకు పట్టీలు బిగించాడు. కొక్కెం వేసి లాగి చూశాడు, మళ్ళీ లాగి చూశాడు. తాడు రెండో కొస పైనున్న కొమ్మ మీదుగా వచ్చి అతని నడుముకు చుట్టుకుంది. "పద," అన్నాడు. మూడో మెట్టు మీద ఆమెకు నిజంగానే కళ్ళు తిరిగాయి. మూసుకుంది. కాలు తడుముకుని నాలుగోది ఎక్కింది. పదో మెట్టు, పదిహేనో మెట్టు. బెరడు మొహానికి రాసుకుంటోంది. ఆకుల వాసన కిందికంటే పచ్చిగా, ఘాటుగా ఉంది. ఇరవై మూడో మెట్టు దగ్గర చేతికి పంగ తగిలింది, మాను నాలుగు పెద్ద కొమ్మలుగా చీలే చోటు. దాని మీదికి పాకి, కొమ్మను రెండు చేతులా వాటేసుకుని, అప్పుడు కళ్ళు తెరిచింది.

రెండు మోకాళ్ళ మధ్య, బావి నోరులా, తొర్ర.

టార్చి వేసింది. లోపల మాను రెండంతస్తుల లోతున ఖాళీగా దిగిపోయింది. అక్కడ ఒకప్పుడుండే చేవ అంతా కుళ్ళి, నుసై, అడుగున నల్లటి మట్టిగా పేరుకుంది. తొలివానకు తడిసిన దుక్కి వాసన వచ్చింది. ఆ ఖాళీ మధ్యలో, ఆమె కూర్చున్న పంగ అడుగు నుంచి పుట్టి, మనిషి తొడంత లావున ఒక వేరు నిలువునా కిందికి దిగింది. దానికి సొంత బెరడుంది. పక్కన చేతిలావువి రెండు, వేలిలావువి ఎన్నో. అన్నీ కిందికే దిగి ఆ నల్లమట్టిలోకి దూరాయి.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక టార్చిని ఆ వేరు వెంట పై నుంచి కిందికి మళ్ళీ ఒకసారి నడిపింది.

ఆ చెట్టు తనలోకి తానే వేరు దించుకుంది. చచ్చిపోయిన తన గుండెకాయనే మట్టి చేసుకుని, ఆ మట్టినే తింటూ, ఖాళీ అయిన చోట కొత్త స్తంభం కట్టుకుంది. మూడు వైపులా రేకులు బిగించి, నాలుగో వైపు తారు పోసి, ఒంటికి మేకులు కొట్టి, నంబరు తగిలించి, పుస్తకంలో గుల్ల అని రాసేసి మనుషులు వెళ్ళిపోయాక, ఎవరికీ కనపడని చోట, ఎవరినీ ఏమీ అడక్కుండా, ఏళ్ళ తరబడి ఈ పని చేసుకుంటూ కూర్చుంది. గుల్ల అంటే కథ ముగిసిందని ఆమె పద్దెనిమిదేళ్ళుగా అనుకుంటోంది. ఆ మాట రాసిన చెట్లను కొట్టేసి, వాటి నంబర్ల మీద ఎర్రగీత పెట్టింది. వాటిలో ఎన్నింటి లోపల ఇలాంటిది ఉండి ఉంటుంది? 

చెయ్యి చాపి ఆ వేరును ముట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది. వెలుతురు పడి గోరంత కప్ప ఒకటి దాని మీద నుంచి కింది చీకట్లోకి దూకింది.

గాలి వీచింది. కొమ్మలన్నీ ఒక్కసారిగా కదిలి, ఆమె కూర్చున్న పంగ కూడా మెల్లగా ఊగింది, నిద్రపోతున్న పెద్దమనిషి పక్కకు ఒత్తిగిలినట్టు. భయం వేస్తుందనుకుంది, వేయలేదు. తలెత్తితే ఊరు కనిపించింది. ఊరంటే ఇళ్ళు కావు. ఇళ్ళ మీద నుంచి, వాటి సందుల్లో నుంచి, రోడ్ల వెంట వరసగా, కనుచూపు మేర ఆకుపచ్చటి నెత్తులు, పొద్దుటి ఎండ పడి ఒక్కోటి ఒక్కో రంగులో. అన్నీ ఆమె నంబర్లే. ఆ వరస ఆడపిల్లల బడి వెంట వెళ్ళేది, ఆ గుంపు చెరుకురసం కొట్ల దగ్గరిది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరి చెట్లన్నీ ఆమెకు ఛాతీ ఎత్తు వరకే తెలుసు. వాటి మొహాలు చూడడం ఇదే మొదలు. ఇంత పెద్దవాటి మధ్య, ఇంత ఓర్పు మధ్య, చేతిలో ఒక కొయ్యముక్క పట్టుకుని తను తీర్పులు చెబుతూ తిరిగిందా అనిపించి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"కనిపించిందా అమ్మా?" కింద నుంచి ఉడుత అరిచాడు.

ఆమె తాడును రెండుసార్లు లాగింది. అతనికి అది చాలు.

మధ్యాహ్నం కమిషనర్ గదిలో ఇంజనీరు ముందే కూర్చుని ఉన్నాడు. కమిషనర్ మాట తక్కువ మనిషి. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా పెన్ను మూత తీయదు. సుత్తమ్మ పాత రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచి, ఆ మూడు జతల గీతల మీద వేలు పెట్టింది.

"ఈ మూడు వైపులా నేను తట్టలేదు మేడమ్. షెడ్డుకు తాళం ఉంది, వాన వస్తోంది, రాసేశాను. ఈ రోజు తట్టాను. నడుమ తొర్ర ఉన్నా మూడు వైపులా గోడ మందంగా, గట్టిగా ఉంది. లోపల కొత్త వేరు స్తంభంలా దిగి ఉంది. రోడ్డు వైపు బరువు కొమ్మలు రెండు తగ్గిస్తే చాలు, చెట్టు పడదు. ఉడుత అబద్ధం చెప్పలేదు, మొండికెయ్యలేదు. నా తప్పు బయటపెట్టకుండా తన కూడు పోగొట్టుకున్నాడు. ముందు అతని హాజరు సంగతి చూడండి."

రిజిస్టరులో చెరపకూడదు, ఒంటిగీతతో కొట్టేసి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. అది పద్ధతి. ఆమె అక్కడే, నిలబడే, మూడు గీతలు గీసి "తట్టకుండా రాశాను" అని మూడుసార్లు రాసింది. ఈసారి 'పైన రాసిందే' అనే జంట గీతలు పెట్టలేదు.

ఇంజనీరు టేపు జేబులోంచి బయటికి రాలేదు. "బాగానే ఉందమ్మా. మరి ఊళ్ళోని పదకొండు వేల చెట్ల మాటేమిటి? వాటిలో ఎన్ని ఇలా రాశారో ఎవరికి తెలుసు?"

"ఇదొక్కటేనని నా నమ్మకం సార్. కానీ ఇప్పుడు ఆ మాట నేను చెప్తే మీరెందుకు నమ్మాలి?"

 కమిషనర్ పెన్ను మూత తీసింది. గురువారం క్రేను వద్దంది. ఉడుతను తిరిగి తీసుకోమంది. ఆ తర్వాత, గొంతు కొంచెం తగ్గించి, అధికారి ఫైలు ఇప్పుడు పక్కన పెట్టాల్సి వస్తుందంది. సోమవారం నుంచి ఊళ్ళో ప్రతి చెట్టునూ నాలుగు వైపులా కొత్తగా తట్టాలి, ఒకటో నంబరు నుంచి.

ఫైలు సంగతి ముందే తెలిసినా, ఆ మాట విన్నప్పుడు సుత్తమ్మ కళ్ళు బల్ల మీద ఆ ఫైలు కోసం వెతికాయి. పంకా కింద, కడుపులో చల్ల కదలకుండా, రిటైరయ్యే దాకా కూర్చోవాల్సిన కుర్చీ అది. దాని పక్క బల్ల మీద పెట్టుకోవడానికి నీళ్ళ సీసా కూడా కొనుక్కుంది. పోయింది.

బయట వరండాలో ఇంజనీరు ఆమెను దాటి వెళ్ళబోయి ఆగాడు. గొణిగాడో, చెప్పాడో తెలియలేదు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. అది ఎలాగూ వంగదు. రోడ్డునే రెండు బారలు వంచుతాను." నాలుగడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. "నిజంగా లోపల వేరుందా?"

"తొడంత లావుంది సార్. రండి, తాడు బాబాయి పట్టుకుంటాడు."

"ఆ, చూద్దాం," అని టేపు తీసి, ఊరికే లాగి వదిలి, వెళ్ళిపోయాడు.

సోమవారం ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టారు. తపాలా ఆఫీసు ముందు చెట్టు, ఊరి రిజిస్టరులో అన్నిటికంటే పాతది. కొత్త పుస్తకం, కొత్త గళ్ళు. ఉడుత పుస్తకం పట్టుకున్నాడు. సుత్తమ్మ తట్టే ముందు తలెత్తి చిటారు దాకా ఒకసారి చూసింది. ఇప్పుడిది ఆమె కొత్త అలవాటు. ఉత్తరం ఠక్కుమంది, రాసింది. తూర్పు ఠక్కుమంది, రాసింది. దక్షిణం కూడా అంతే.

పడమర వైపు ఎవరిదో కారు మానుకు ఆనుకుని ఆపి ఉంది. మధ్యలో చెయ్యి కూడా దూరదు. ఉడుత తపాలా ఆఫీసులోకి వెళ్ళి అడిగొచ్చాడు. కారతను లోపల లేడు. పక్క కొట్లో అడిగితే, ఇప్పుడే వస్తానని ఎటో వెళ్ళాడన్నారు.

చినుకులు మొదలయ్యాయి. ఉడుత గొడుగు విప్పి పుస్తకం మీద పట్టాడు.

"మూడు వైపులా గట్టిగానే ఉంది కదమ్మా," అన్నాడు ఆకాశం చూస్తూ. "ఇక నాలుగోది..." అని, తనే నాలుక కరుచుకున్నాడు.

సుత్తమ్మ అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూశాడు. ముందు నవ్వింది అతనే. ఇద్దరూ ఆ చెట్టు కిందే, మానుకు వీపులు ఆనించి నిలబడ్డారు. ఆకులు దట్టంగా ఉన్నాయి కాబట్టి పెద్దగా తడవలేదు. దీని తర్వాత ఇంకా పదివేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది చెట్లు మిగిలాయి.

కారతను వచ్చేసరికి గంటన్నర పట్టింది. అప్పటిదాకా నాలుగో గడి ఖాళీగానే ఉంది.